నా ఒక్కదానికే వచ్చిన వాక్యం

ఆ యేడు వాన పట్టుకుందంటే పట్టుకుంది, ఇక వదల్లేదు. ఇస్త్రీ చేసుకుని బతికేవాళ్లకు వానాకాలం కిటికీ దగ్గర కూచుని చూసే ముచ్చట కాదు. బట్ట తడిగా వస్తుంది, తడిగానే ఉంటానంటుంది. ముందు గదిలో మా కొట్టు, వెనక గదిలో మా కాపురం. రెండు గదుల్లోనూ ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్లు కట్టి, ఎవరెవరి దుప్పట్లో ఆరేసుకుని, వాటి కింద నడుములు వంచుకుని తిరిగేవాళ్లం. వంగే పని లేకుండా తిరిగింది బొంగరం ఒక్కతే.

బొంగరం మా మరిది కూతురు. తల్లి దాన్ని కని కన్నుమూసింది. మరిది లారీ డ్రైవరు. పసిగుడ్డును ఒళ్లో పెట్టుకుని బండి నడపలేడు కదా, తువ్వాల్లో చుట్టి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. మాకు పిల్లల్లేరు. ఉతికిన బట్టల బుట్టలో దాన్ని పడుకోబెట్టి, చేత్తో ఇస్త్రీ చేస్తూ కాలితో బుట్ట ఊపుతూ పెంచాను. అప్పటికది రెండో క్లాసు. ఒక్కచోట నిలబడి నాలుగు ముద్దలు తిన్న పాపాన పోలేదు గనక దాని పేరు బొంగరం అయింది. నన్ను పెద్దమ్మా అనే పిలిచేది. అమ్మా అనమని నేనూ ఎప్పుడూ అడగలేదు. ఆ పిలుపులో నాకేమీ తక్కువ కాలేదు.

వానలు మొదలవుతుండగా మరిది మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. లారీ మానేసి వేరే ఊళ్లో గిడ్డంగి పనికి కుదిరాడు. ఒకరోజు కొత్త పెళ్లాన్ని వెంటబెట్టుకుని వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, పాపను మాతో తీసుకెళదామనుకుంటున్నాం."

నా చేతిలో బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉంది.

"ఇది చల్లారాక మాట్లాడవయ్యా. ఇప్పుడు మాట్లాడావంటే నీ మొహానికే ఇస్త్రీ అయిపోతుంది" అన్నాను.

కొత్తావిడ నవ్వాలో వెనక్కి జరగాలో తెలియక మొగుడి చొక్కా పట్టుకుంది. ఆవిడ మంచిదే పాపం, నాకు ఆవిడ మీద ఏ కోపమూ లేదు. వాళ్లు వెళ్లిపోయేదాకా మా ఆయన చొక్కాలు మడతపెడుతూ తలెత్తలేదు. వెళ్లాక నేనే అడిగాను.

"నువ్వేమంటావు?"

"నేననేదేముంది? పెంచింది నువ్వు."

"నా ప్రాణం పోయినా పంపను."

"సరే" అన్నాడు.

సరే అంటే ఒప్పుకున్నాడనే అనుకున్నాను. ఇన్నేళ్ల కాపురంలో మా ఆయన సరే అన్నదానికి వేరే అర్థం ఉంటుందని నాకు తోచలేదు.

ఆ ఆదివారమే చర్చిలో ధ్యానాల సంగతి చెప్పారు, రిట్రీట్ అన్నారు. రిట్రీట్ అంటే నాకు తెలిసిందల్లా పనులు మానుకుని ఎక్కడో దూరంగా మౌనంగా కూచోవడం. ఇది అలా కాదట. ఇంట్లోనే ఉంటూ, చేసే పని చేసుకుంటూ, రోజుకో అరగంట ఒకే వాక్యం మీద, అంటే బైబిల్లోని ఒకే ఘట్టం మీద, ధ్యానం చేయాలి. వారానికోసారి నడిపించేవాళ్ల దగ్గరికి వెళ్లి, ప్రార్థనలో ఏం జరిగిందో చెప్పుకుని, కొత్త వాక్యం తెచ్చుకోవాలి. ఆ నడిపించేది టీచరుగారు. బడి నుంచి రిటైరయ్యాక బలిపీఠం మీద పరిచే తెల్లబట్టల బాధ్యత ఆవిడే చూసేది. ఆ బట్టలు మా దగ్గరికే ఇస్త్రీకి వచ్చేవి. మా ఆయన ప్రతి శనివారం తీసుకెళ్లి ఇచ్చి వచ్చేవాడు. అంతకుమించి ఆయనకూ చర్చికీ పెద్దగా పరిచయం లేదు.

నేను ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పగానే అలాంటివాడు, "నువ్వు చేరరాదూ?" అన్నాడు.

నేను చెయ్యి తిరగేసి ఆయన నుదుటి మీద పెట్టి చూశాను. "జ్వరమేమీ లేదే."

"వేళాకోళం కాదు. మనసు కుదుటపడుతుంది. ఆ అరగంట కొట్టు నేను చూసుకుంటాలే."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా గురించి ఒక మనిషి ఆలోచించాడని ఎంత సంబరపడ్డానో చెబితే సిగ్గుచేటు.

టీచరుగారి గది చర్చి వెనక ఉంది. రెండు కుర్చీలు, ఒక బల్ల, దాని మీద నేను ఇస్త్రీ చేసిన గుడ్డే. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూచోబెట్టింది.

"చూడమ్మా, నేను నీకు గురువును కాదు. తోడు నడుస్తానంతే. దేవుడు నీతో ఏం మాట్లాడతాడన్నది మీ ఇద్దరి సంగతి. మధ్యలో నేను వేలు పెట్టకూడదు. మాకు నేర్పే మొదటి పాఠం అదే."

"ఇక్కడ చెప్పింది బయటికి పోదు కదండీ?"

"ఈ గుమ్మం దాటదు. నువ్వు కూడా నీకొచ్చిన వాక్యం ఏదో మిగతావాళ్లతో అనకు. ఆఖరి రోజు అందరం కలుస్తాం, అప్పుడు చెప్పుకోవచ్చు. ముందే చెప్పుకుంటే ఒకరిది చూసి ఒకరు పోల్చుకుంటారు."

నాకది చాలా నచ్చింది. గొడుగు పట్టుకుని ఇంటికి నడుస్తూ ఇంకో నియమం నేనే పెట్టుకున్నాను. బొంగరం సంగతి టీచరుగారికి చెప్పను. చెబితే ఆవిడ అభిప్రాయమే దేవుడి అభిప్రాయమై కూచుంటుంది. నేను నోరు మూసుకుని ఉండగా జవాబు వచ్చిందంటే, అది ఖచ్చితంగా పైనుంచి వచ్చినట్టే. పిల్లను ఉంచుకోమంటే ఉంచుకుంటాను, ఇంకేదైనా అంటే అదే వింటాను. దేవుడిని ఇంత పకడ్బందీగా పరీక్షించినదాన్ని మా వీధిలో నేనే అయి ఉంటానని మురిసిపోయాను. ఆ తెలివి తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పొద్దున్నే బొగ్గులు పోసి నిప్పు అంటిస్తే పెట్టె వేడెక్కడానికి కొంతసేపు పడుతుంది. అదే నా ప్రార్థన సమయం. టీచరుగారు వాక్యాన్ని రెండుసార్లు పైకి చదివేది. పాఠం చెప్పి చెప్పి సానబెట్టిన గొంతు, ఒక్క మాట కూడా జారిపోయేది కాదు. నేను దాన్ని తలలో పెట్టుకుని వచ్చి, కళ్లు మూసుకుని ఆ కథలోకి దిగేదాన్ని. కథలో ఒక మనిషిగా నిలబడాలి, అక్కడి వాసన చూడాలి, చప్పుడు వినాలి. ధ్యానం చేసే పద్ధతి అదే.

మొదటి వాక్యం, బిడ్డను బతికించుకోవడానికి బుట్టలో పెట్టి నదిలో వదిలిన తల్లిది.

కళ్లు మూసుకోగానే నాకు కనిపించింది మా బట్టల బుట్టే. అడుగున విరిగిన పుల్ల, దానికి నేను చుట్టిన గుడ్డపీలిక. చేతుల్లో బుట్ట బరువు తెలిసింది. నీళ్లలోకి దిగాను గానీ బుట్ట వదల్లేకపోయాను. కళ్లు తెరిచేసరికి బొగ్గులు బూడిదయ్యాయి. మా ఆయన వచ్చి పెట్టె ముట్టుకుని చూసి, ఒక్క మాటైనా అనకుండా మళ్లీ బొగ్గులు పోశాడు. మామూలు రోజైతే రెండు మాటలు అనేవాడే.

తర్వాతి వారం టీచరుగారితో, "బుట్ట కనిపించిందండీ. ఏడుపొచ్చింది" అన్నాను.

"ఆ ఏడుపును ప్రభువు దగ్గరే పెట్టమ్మా" అంది.

ఎందుకు ఏడ్చావని ఒక్కసారి కూడా అడగలేదు. ఎంత మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను.

ఆ వారం ఇచ్చింది, బిడ్డ కోసం మొరపెట్టుకుని కని, పాలు మానగానే గుడిలో అప్పజెప్పి వచ్చిన తల్లి కథ. ఆవిడ ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి కొడుక్కి తీసుకెళ్లేదట. నాకు ప్రార్థనంతా ఆ అంగీ దగ్గరే ఆగిపోయింది.

"టీచరుగారూ, ఏడాదికోసారి చూసే పిల్లాడికి కొలత ఎలా కుదిరేదండీ?"

"తల్లికి తెలుస్తుందేమోనమ్మా" అని ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

ఇంటికొచ్చి బొంగరం గౌన్లన్నీ తీసి అంచులు చూశాను. విప్పి పొడుగు చేయడానికి లోపల గుడ్డ ఎంత ఉందో అని. ఎందుకు చూశానో నాకే తెలియలేదు. చూశాక వాటిని ఒళ్లో వేసుకుని అక్కడే కూచున్నాను.

ఒకే బిడ్డ కోసం ఇద్దరు ఆడవాళ్లు రాజు ముందు తగవుపడిన కథ వచ్చిన వారం, టీచరుగారు చదువుతుండగానే నా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. బిడ్డను ముక్కలు చేయొద్దు, ఆవిడకే ఇచ్చెయ్యండి అన్నదే అసలు తల్లి. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఈవిడకు ఏమీ తెలియదు. అయినా వారం వెంట వారం నా కడుపులో ఉన్న సంగతే ఎదురుగా వచ్చి నిలబడుతోంది. ఇక దేవుడు ఇంతకంటే స్పష్టంగా ఏం చెబుతాడు?

ఆ సాయంత్రం మా ఆయన తడి దుప్పట్లు పిండుతున్నాడు.

"మీ తమ్ముడికి ఫోన్ చెయ్యి" అన్నాను.

"ఎందుకు?"

"వచ్చి పిల్లను తీసుకెళ్లమను."

ఆయన దుప్పటి వదిలేసి బట్టల మూట మీద కూచున్నాడు.

"నిజంగానా?"

"దేవుడు చెప్పాడు. నాకు వినపడింది."

మా ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకుని భోరున ఏడ్చాడు. ఆయన అంతలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నేనే ఓదార్చాను. నా కొంగుతో ఆయన కళ్లు తుడిచి, "ఊరుకో, ఆయన ఇచ్చాడు, ఆయనే అడుగుతున్నాడు" అని చెప్పాను. నా కడుపుకోత నేను దిగమింగుకుని, ఆయన్ను ఊరుకోబెట్టాను.

బొంగరానికి చెప్పడం కష్టమైంది. గౌన్లు మడతపెడుతున్నాను, అది బల్ల కింద దూరి కూచుంది.

"తెల్ల దుప్పటి మీద సిరా పోసినందుకా పంపేస్తున్నావు?"

"కాదే తల్లీ. ఆ మరక ఎప్పుడో పోయింది కూడా."

"మరి?"

"దేవుడు చెప్పాడు. మీ నాన్న దగ్గర ఉండాలట నువ్వు."

"నీతో మాట్లాడతాడా? గొంతు ఎలా ఉంటుంది?"

నాకు వెంటనే తోచింది చెప్పాను. "టీచరుగారి గొంతులా ఉంటుంది."

దేవుడితో వాదించడం కుదరదని దానికి కూడా తెలుసు. బయటికి వచ్చి, మడతపెట్టిన గౌన్ల మీద చెంప ఆనించి, "వేడిగా ఉన్నాయి" అంది. మర్నాడు వాళ్ల నాన్న వ్యాను తెచ్చాడు. ఎక్కాక అది ఎటూ కదలకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూచుంది. దాన్ని అంత బుద్ధిగా చూసింది అదే మొదటిసారి.

ఇల్లు ఎలా ఉందని అడగొద్దు. ఇద్దరమూ దుప్పట్ల కింద వంగి నడుస్తూనే ఉన్నాం. అయినా నాకు లోపల ఎక్కడో ఒక నిబ్బరం ఉండేది. అడిగినవాడు ఎవరో తెలుసు కదా, ఆయనకు ఇచ్చాను కదా అని. బొగ్గులు అంటించి కూచున్నప్పుడు ఏడుస్తూనే ఆయనతో మాట్లాడేదాన్ని. ఆయన ఎదురుగా ఉన్నట్టే ఉండేది.

ఆఖరి రోజు అందరం చర్చి హాల్లో చేరాం. టీ పెట్టారు. రొట్టెల కొట్టు ఆవిడ తమ బన్నులు పట్టుకొచ్చింది. బస్సు కండక్టరు యూనిఫాంలోనే వచ్చాడు. ఇంకో నలుగురైదుగురున్నారు. మాకు తోడు నడిచినందుకు టీచరుగారు దేవుడికి కృతజ్ఞతలు చెప్పి, ఇప్పుడు మాట్లాడుకోవచ్చు అంది.

కండక్టరు మొదలుపెట్టాడు. "నాకు తుపానులో పడవ బాగా పట్టేసిందండీ. వారమంతా బస్సు ఎక్కినా పడవ ఎక్కినట్టే ఉంది."

"నాకూ పడవ వచ్చింది!" అంది రొట్టెల ఆవిడ. "దానికి ముందు తప్పిపోయిన గొర్రె, కదూ?"

"అవును, గొర్రె. తర్వాత బావి దగ్గర నీళ్లు."

"నాకూ అంతే" అన్నారు మరొకరు. "అందరివీ ఒకటే వరసన్నమాట. ఇన్నాళ్లూ నా ఒక్కదానికే ప్రత్యేకంగా ఇస్తున్నారనుకున్నాను!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"నాకు గొర్రె రాలేదే" అన్నాను. "బుట్టలో బిడ్డ వచ్చింది."

"బుట్టలో బిడ్డా? అది మా ఎవరికీ రాలేదు. తర్వాత?"

"గుడిలో అప్పజెప్పిన బిడ్డ. తర్వాత రాజు దగ్గర ఇద్దరు తల్లులు."

"అబ్బో, నీకు స్పెషల్!" అని రొట్టెల ఆవిడ నా భుజం మీద చరిచి ఇంకో బన్ను చేతిలో పెట్టింది.

నేను టీచరుగారి వైపు చూశాను. ఆవిడ బల్ల మీది గుడ్డను అరచేత్తో తుడుస్తోంది, ముక్కలేవో పడ్డట్టు. అక్కడ ఏ ముక్కలూ లేవు.

అందరూ వెళ్లేదాకా కప్పులు కడుగుతూ ఉండిపోయాను. ఆవిడ కూడా వెళ్లలేదు.

"టీచరుగారూ, మా ఇంట్లో పిల్ల ఉన్న సంగతి, దాన్ని అడుగుతున్న సంగతి, నేను మీకు చెప్పలేదు."

ఆవిడ కుర్చీ లాక్కుని కూచుంది. "మీ ఆయనే చెప్పాడమ్మా. బట్టలు తెచ్చినప్పుడు. తమ్ముడికి మాట ఇచ్చేశాడట. నీతో చెప్పలేక నా ముందు ఏడ్చాడు. ఒక వాక్యం ఇప్పించండి, ఆమె దేవుడి మాటైతే వింటుంది అన్నాడు."

"ఎప్పుడు?"

"నువ్వు చేరక ముందే."

నా చెయ్యి ఆయన నుదుటి మీద పెట్టి చూసిన సంగతి గుర్తొచ్చింది. జ్వరమేమీ లేదే అన్నాను.

"పంపమని నేను నీతో ఒక్కసారి కూడా అనలేదమ్మా" అంది టీచరుగారు. "చదివానంతే. అది దేవుడి మాటే కదా? కాదంటావా?"

"మాట దేవుడిదేనండీ. నాకు పంపించింది మాత్రం మా ఆయన."

తడి కప్పు బోర్లించి వచ్చేశాను. గొడుగు అక్కడే మరిచిపోయాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన ఇస్త్రీ చేస్తున్నాడు. మొదట కాలరు, తర్వాత భుజాలు, ఆ తర్వాత చేతులు. మా పని వరస ఎప్పుడూ అదే. నా తల నుంచి నీళ్లు కారుతుంటే చూసి తువ్వాలు అందించాడు. నేను తీసుకోలేదు. నా మొహం చూసే ఆయనకు తెలిసిపోయింది.

"ఆవిడ చెప్పిందా?" అన్నాడు.

"నువ్వు చెప్పాలి కదా."

"నీతో మాట్లాడగలిగినవాడు ఎవడున్నాడు? నోరెత్తితే ఇస్త్రీపెట్టె చూపిస్తావు. వాడు నా కాళ్లు పట్టుకున్నాడు. కన్నవాడు కదా, కాదనలేకపోయాను. నీ దగ్గరికొచ్చి చెప్పే ధైర్యం చాల్లేదు."

"చెబితే అరిచేదాన్ని. తిట్టేదాన్ని. నీతో మాట్లాడటం మానేసేదాన్ని. ఆఖరికి పంపేదాన్నేమో కూడా. ఎవరికి తెలుసు? అరిచే హక్కు నాది. అది కూడా నాకు లేకుండా చేశావు."

"నీ మంచికే..."

"నాకంటూ ఉన్నది ఆ అరగంట. బొగ్గులు రాజుకునేంతసేపు. దాంట్లోకి కూడా దూరావు కదయ్యా. ఇప్పుడు నేను కళ్లు మూసుకుంటే ఎవరితో మాట్లాడాలి? ఆయన గొంతు ఏదో, నీ గొంతు ఏదో ఎలా తెలుస్తుంది నాకు?"

నా ముందు భోరున ఏడ్చిన మనిషి ఈయనే. నా చేత కళ్లు తుడిపించుకున్న మనిషి ఈయనే. ఆ ఏడుపు నిజం కాదని నేననను. నిజమైన ఏడుపే ఏడ్చాడు, నేను ఓదారుస్తుంటే నోరు మెదపకుండా ఓదార్పించుకున్నాడు. పిల్ల పోవడం కన్నా నన్ను ఎక్కువ కోసింది అదే.

అప్పుడే ఫోను మోగింది. ఆదివారం సాయంత్రం బొంగరం ఫోన్ చేసే వేళ.

"పెద్దమ్మా, తిన్నావా?"

"తిన్నానమ్మా. నువ్వు?"

"పిన్ని గుడ్డు పెట్టింది. పెద్దమ్మా, దేవుడు మళ్లీ ఏమైనా చెప్పాడా?"

"ఏం చెప్పాలే?"

"నేను రోజూ ఆయనకు చెబుతున్నా కదా. మా పెద్దమ్మకు ఇంకోసారి చెప్పు, ఈసారి నన్ను తీసుకురమ్మని చెప్పు అని. నాతోనైతే మాట్లాడట్లేదు. నీతోనే కదా మాట్లాడతాడు. చెప్పలేదా? వాన చప్పుడుకు వినపడలేదేమో, సరిగ్గా విను."

రేకుల మీద వాన పడుతూనే ఉంది. మా ఆయన నా వైపే చూస్తున్నాడు, పిల్ల ఏమంటోందో చెప్పమన్నట్టు.

నేను వెళ్లి ఆయన చేతిలోంచి ఇస్త్రీపెట్టె తీసుకున్నాను. ఆ చేతిలో ఫోను పెట్టాను.

"బొంగరం. దేవుడు ఏం చెప్పాడని అడుగుతోంది. చెప్పు."

ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకోలేదు. దాన్ని అరచేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అందులోంచి దాని గొంతు సన్నగా వినపడుతూనే ఉంది.

"హలో... ఎవరు? పెదనాన్నా? పెద్దమ్మకు వినపడలేదనుకుంటా. నీకేమైనా చెప్పాడా?"

నేను కాలరు మీద నీళ్లు చిలకరించి పెట్టె ఆనించాను. ఆయన ఏం జవాబు చెబుతాడో వినాలని నాకూ ఉంది.